వన్స్ మోర్

ఆదివారం చర్చి నుంచి మిస్సిసాగాలో ఇంటికి వస్తూ ప్రేమజ్యోతి కారులో ఒక ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లైవ్ ఆల్బమ్ పెట్టింది. పోయినేడాది టొరంటో కచేరీలో రికార్డు చేసిందది. డ్రైవ్ చేస్తున్న ఆమె భర్త వాల్యూమ్ తగ్గించబోయాడు.

"ఉండనీ శేఖర్. పాట అయ్యాక జనం అరుపులు విను."

"ఏముంది వాటిల్లో?"

"మళ్లీ పాడమని అందరూ ఎన్‌కోర్ అంటుంటే ఒకడు మాత్రం వన్స్ మోర్ అంటున్నాడు, మన ఊళ్లో నాటకాలకి అరిచినట్టు."

"మనవాళ్లు ఎంతమంది లేరిక్కడ?"

"గొంతు నీది. ఆ రోజు ఎటోబికోలో ఉపవాస ప్రార్థన అన్నావు."

సిగ్నల్ దగ్గర అతను కారు ఆపాడు.

"సరే, వెళ్లాను. ప్రార్థన ఎగ్గొట్టానంటే గొడవ చేస్తావని చెప్పలేదు."

"ఎవరితో?"

"ఒక్కణ్ణే. దేవుడి తోడు."

ఆమె పాటని కాస్త వెనక్కి జరిపి వాల్యూమ్ పెంచింది. వన్స్ మోర్ అన్న కేక వెనకే, నవ్వుతూ ఒక ఆడగొంతు: "ఏవండీ, చాల్లెండి, కూర్చోండి."

"అలాగేనోయ్," అంది మగగొంతు.

ప్రేమజ్యోతి ఆల్బమ్ ఆపేసింది.

"ఇన్నేళ్లలో నేను నిన్ను ఒక్కసారైనా ఏవండీ అన్నానా, శేఖర్?"