మగ్గం గుంతలో హెలికాప్టరు

ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. 1984 మే నెల, మిట్టమధ్యాహ్నం. హనుమంతప్ప ఇంట్లో మగ్గం ఉంది గానీ దాని మీద చీర లేదు. ఆర్నెల్లుగా ఆయన కొడుకు జయరాముడు మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని హెలికాప్టరు నడపడం నేర్చుకుంటున్నాడు. ఎదురుగా తెల్ల పంచె మీద బొగ్గుతో గీసిన గుండ్రటి గీత, దాని ముందు తాళ్ళకు వేలాడే టార్చిలైటు దీపం, చేతిలో నడిపే కట్టెకు బదులు అమ్మ దగ్గర అడిగి తెచ్చిన రోకలి. నాయన పక్కనుంచి తాడు లాగి దీపాన్ని తప్పిస్తాడు, కొడుకు ఆ తాళ్ళకే కట్టిన తొక్కుడు చెక్కలు కాళ్ళతో తొక్కి దాన్ని మళ్ళీ గీతలోకి తేవాలి. ఈ మధ్య జయరాముడికి ఆ గుంతలోకి దిగడమే ఇష్టం లేదు. ఆ సంగతి నాయనకు చెప్పే ధైర్యం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"మళ్ళా తప్పింది. దీపం యాడికి పోతాందో చూడు."

"చూస్తానే ఉండా నాయనా."

"చూస్తే చాలదు, తొక్కల్ల. నేను తాడు లాగినా. దీపం కుడికి పోయింది. దాన్ని ఎడమకు తేవల్లంటే యా కాలు తొక్కల్ల?"

"కుడికాలు."

"నువ్వు యాది తొక్కినావు?"

"ఎడమకాలు."

"దీపం పోయి గోడకు కొట్టుకుంది. ఏమప్పా, ఎనిమిదేండ్లప్పట్నించి నేసినోనివి, నీకు నేను చెప్పల్నా? కుడికాలు తొక్కితే పోగు మోసే నాడె ఎడమకు పోతాది. దీపం గూడా అంతే. అందుకే గదా అట్ల కట్టినా, నీకు సులభంగా ఉంటాదని."

"కొంచేపు ఆపుదాం నాయనా. కాళ్ళు పట్టుకున్నాయి."

"దినానికి పన్నెండు గంటలు నేసినప్పుడు పట్టుకోలేదే."

"అది నేత. ఇది..."

"ఇది గూడా నేతే. నా కండ్లతో చూసినా అంటే నమ్మవు. మూడేండ్ల కిందట బుక్కరాయసముద్రం చెరువు ఎండిపోతే, కరువు చూసేదానికి వచ్చినోళ్ళ హెలికాప్టరు ఆ చెరువు నడుమనే దిగలేదా? జనమంతా పెద్దోళ్ళ చుట్టూ మూగినారు. నేను అద్దం కాడికి పోయినా. లోపల నడిపేటోడు కూర్చోనుండాడు. రెండు చేతులకూ పని, రెండు కాళ్ళకూ పని. అచ్చం మగ్గంలో కూర్చున్నట్లే. ఆ పొద్దే అనుకున్నా, ఇది మనోళ్ళకు చేతనయ్యే పనేనని."

"వెయ్యిమార్లు చెప్పినావు."

"ఇంగో వెయ్యిమార్లు చెప్తా."

"నాయనా, మగ్గం బిగిద్దామా?"

"ఏంది?"

"మళ్ళా చీరకు పడుగెక్కిద్దాం. ఆ రోకలి అమ్మకు ఇచ్చేద్దాం, దినామూ అడుగుతాంది. అంగడి రామకృష్ణయ్య పట్టు ఇస్తానన్నాడంట గదా మొన్న."

"అన్నాడు. మా మగ్గం ఖాళీ లేదు, మావోడు దాంట్లో హెలికాప్టరు నేర్చుకుంటాండాడు అని చెప్పినా. నవ్వినాడు."

"వీధంతా నవ్వుతాంది."

"నవ్వనీ. వాన లేక రెండేండ్లాయ. సెనక్కాయ పండకుంటే చీర కొనేటోడు ఎవడు? మా నాయన ఈ గుంతలోనే దగ్గి దగ్గి పోయినాడు. నా కండ్లు ఈడనే మసకలైనాయి. నువ్వు దీంట్లోనుంచి లేసి పోవల్ల. నాకు ఇంగేం వద్దు. కాగితం వచ్చిందా?"

"యా కాగితం?"

"యా కాగితమంటావేందిరా. మైసూరు కాగితం. మిలిట్రీ హెలికాప్టరు పరీక్షకు రమ్మని."

"రాలేదు."

"పోస్టాఫీసుకు పోయినావా?"

"పోయినా."

"ఎప్పుడు?"

"నిన్న. కాదు, మొన్న."

"నిన్ననా మొన్ననా?"

"మొన్న."

"మిలిట్రీ బయ్యన్న చెప్పింది మరిచిపోయినావా? మిషన్లో కూర్చోబెట్టి దీపం నిలపమంటారు. నిలిపితే హెలికాప్టరు. నిలపకపోతే మళ్ళా ఆ గడప తొక్కనీరు. ఎంత చదివినా, ఎన్నేండ్లు బతిమాలినా రానీరు. జన్మకు ఒక్కమారే. ఆ కాగితం యాడన్నా పడిపోయి తేదీ దాటిపోతే?"

"దాటిపోదు."

"ఎట్ల చెప్తావు?"

"దాటిపోదులే నాయనా."

"నీకు ఏమో అయింది. హిందూపురం పోయొచ్చినప్పట్నించి చూస్తాండా. పోకముందు కండ్లు మూసుకొని తొక్కినా దీపం గీతలో నిలబడేది. బయ్యన్న చూసి చప్పట్లు కొట్టినాడు. ఆ నాలుగు దినాలు పోయొచ్చినాక తాడు లాగినప్పుడల్లా కాళ్ళు తడబడతాండాయి. ఆడ ఏం జరిగింది?"

"ఏం జరగలేదు."

"మిగిలిన చీరలు అమ్మేదానికే గదా పోయినావు?"

"అవును."

"మూట విప్పకుండానే తిరిగొచ్చింది. మీ అమ్మ చూసింది, కట్టిన ముడి కట్టినట్లే ఉండాదని."

"ఎవరూ కొనలేదు. ఆడ గూడా కరువే."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమనలేదు. శానా మర్యాదగా మాట్లాడినారు. కుర్చీ వేసినారు. టీ గూడా ఇచ్చినారు."

"చీర కొననోళ్ళు టీ ఇచ్చినారా? ఎవరు?"

"అంగడోళ్ళు నాయనా, ఇంగెవరు."

"సరే. మరి కాళ్ళకేమొచ్చింది?"

"చెప్పినట్ల ఇనవు. ఇటు తొక్కమని తల చెప్తాది, కాళ్ళు అటు తొక్కేస్తాయి. తప్పు తొక్కుతాండామని తెలుస్తానే ఉంటాది. సరిచేసుకునే లోపల దీపం యాడికో పోతాది. పక్కన నిలబడినోడు కాగితం మీద రాసుకుంటాడు. మళ్ళా తొక్కుతావు, ఇంగా దూరం పోతాది. వాడు మళ్ళా రాసుకుంటాడు."

"ఎవడు రాసుకునేది? ఈడ నేను తప్ప ఎవడుండాడు?"

"అంటే, పరీక్షలో అట్ల రాసుకుంటారేమోనని."

"భయపడతాండావు. భయమే నీకు. బయ్యన్న గూడా అదే అన్నాడు, పోయేముందు కుర్రోళ్ళకు అట్లనే ఉంటాదని. ఇంగ లెయ్, ఈ పొద్దుకు చాలు. సాయంత్రానికి గుంత ఖాళీ చేయల్ల."

"ఎందుకు?"

"బయ్యన్న కొడుకు పుల్లన్న వస్తాండాడు. వానికి కాగితం వచ్చింది. వచ్చే నెల ఆరో తేదీ. నీతోపాటు డిగ్రీ చదివినోడే గదా, నీకు చెప్పలేదా?"

"ఈడ నేర్చుకుంటాడా?"

"ఇంగ యాడ నేర్చుకుంటాడు? ఈ జిల్లాలో ఇట్లాంటిది ఇంగోటి ఉండాదా? నిన్న బయ్యన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా కొడుకును గూడా నీ కొడుకు మాదిరి తయారు చెయ్యన్నా అన్నాడు. జయరామా, ముప్ఫయ్యేండ్లు నేసినా, ఎవరూ నన్ను అట్ల అడగలేదురా."

"వద్దు నాయనా."

"ఏం వద్దు?"

"పుల్లన్నను దీంట్లో కూర్చోబెట్టొద్దు."

"నీకు పోటీ అయితాడనా? సిగ్గుండల్ల. బయ్యన్న చెప్పకపోతే అట్లాంటి మిషన్ ఒకటుంటాదని మనకు తెలిసేదా?"

"పోటీ కాదు. నాయనా, బయ్యన్న ఆ మిషన్ కండ్లతో చూసినాడా?"

"ఆయప్ప మిలిట్రీలో లారీ తోలినోడు. ఆ గదిలోకి ఎవరు పోనిస్తారు? దీపముంటాది, కాళ్ళతో నిలపల్ల, చేతిలో కట్టె ఉంటాది. ఎవరో చెప్తే ఇన్నాడు. నాకు అది చాలు. మిగిలిందంతా నేను కట్టుకున్నా. మగ్గం కట్టిన చెయ్యి, తాడు ఎట్ల పోవల్లో నాకొకరు నేర్పల్నా?"

"అక్కర్లేదు నాయనా."

"మరి?"

"ఏం లేదు. పుల్లన్నకు మగ్గం రాదు. వానికి కష్టమైతాది."

"అందుకే మొదట్నించి నేర్పల్ల. నెల దినాలుండాది. కుడికాలు తొక్కితే ఎడమకు, ఎడమకాలు తొక్కితే కుడికి. నిద్రలో లేపి అడిగినా కాళ్ళు అదే తొక్కల్ల. నీకు పట్టిచ్చినట్ల వానికి గూడా పట్టిస్తా. ఏమిరా, ఏడుస్తాండావా?"

"చెమట."

"ఏడుపే. వానికి ముందు కాగితం వచ్చిందని గదా? నీకూ వస్తాది. నువ్వు నిలిపేస్తావు దీపం, నాకు తెలుసు. నీ కాళ్ళకు నేర్పింది ఎవరనుకున్నావు?"

"నువ్వే."

"అందుకే చెప్తాండా. ఆ హెలికాప్టరు ఈ వీధి మీద ఒక్కమారు తిప్పితే చాలు నాకు. అంగడి రామకృష్ణయ్య బయటికొచ్చి చూడల్ల. ఆ రోకలి పక్కకు పెట్టి ఆ ముడి అందియ్యి. తాళ్ళు సాగినాయి, పుల్లన్న వచ్చేలోపల బిగించల్ల. పట్టుకో. ఏందిరా, ముడి విప్పుతాండావెందుకు? బిగించమంటి గదా."

"విప్పనీ నాయనా."

"దేనికి?"

"అటు తాడు ఇటు, ఇటు తాడు అటు మార్చి కడదాం. మైసూరులో కుడికాలు తొక్కితే దీపం కుడికే పోతాది."