బోణీ బాకీ

ఇరవై రెండేళ్ల కిందట ఆటోనగర్‌లో తాను లారీ పనిముట్ల షాపు తెరిచిన రోజున, పక్క షాపు హుమాయూన్ సొంత బేరాన్ని వదులుకుని తన దగ్గరకు ఎందుకు పంపాడన్న సందేహం తిరుపతిరావును ఇప్పటికీ వదల్లేదు. ఈ శుక్రవారం పొద్దున, కౌంటరు మీద పుస్తకం పెట్టుకుని సోమవారం పరీక్షకు చదువుకుంటున్న కూతురు రుచితను అదే అడిగాడు.

"మీ పుస్తకంలో దీనికి జవాబు ఉందా లేదా, అది చెప్పమ్మా."

"నాన్నా, ఇది ఎకనామిక్స్. బీబీఏ మొదటి సంవత్సరం. ఇందులో హుమాయూన్ అంకుల్ పేరు ఉండదు."

"పేరొద్దు. మనుషులు ఎందుకు కొంటారు, ఎందుకు అమ్ముతారు అనే కదా పొద్దున్నించీ పైకి చదువుతున్నావు. మరి వచ్చిన బేరాన్ని పక్కవాడికి ఎందుకు పంపుతారో కూడా ఉండాలి కదా."

"లేదు. ప్రతి మనిషీ తన లాభమే చూసుకుంటాడని మొదటి పేజీలోనే ఉంది. రేషనల్ అంటారు."

"ప్రతి మనిషీనా?"

"ప్రతి మనిషీ."

"ఆ పుస్తకం రాసినాయన కూడానా?"

"నాన్నా!"

"సర్లే, సర్లే."

"ముందు ఇందాక వచ్చిన పెద్దాయనకి చైన్ పుల్లీ కిందకి దించి పెట్టు. టీ తాగి వచ్చేస్తానన్నారు. ఇంజను పైకి లేపే పుల్లీ పద్నాలుగు వేలు, స్పానర్ సెట్టు నాలుగు వేలు. మొత్తం పద్దెనిమిది. ఈ వారంలో ఇదే పెద్ద బేరం."

"ఈ నెలలో."

"అదీ. మరి కదలవేం?"

"ఆయన్ని ఇఫ్రా దగ్గరకి పంపుదామనుకుంటున్నా."

"ఎవరి దగ్గరకి?"

"ఇఫ్రా. హుమాయూన్ భాయ్ కూతురు. వెనక రోడ్డులో ఇవాళే కదా ఆ పిల్ల సొంతంగా షాపు తెరిచింది. పొద్దున మనమే కదా వెళ్ళి స్వీట్లు తినొచ్చాం."

"స్వీట్లు తిన్నందుకు పద్దెనిమిది వేల బేరమా? నేను తిన్నది ఒక్క లడ్డు. అదీ సగం."

"స్వీట్ల గురించి కాదమ్మా. బోణీ బాకీ ఉంది."

"ఇరవై రెండేళ్ళ నుంచా?"

"ఇదిగో, షాపు తెరిచిన రోజు ఈ కుర్చీలోనే మీ తాతయ్య కూర్చున్నారు. మీ అమ్మ వాళ్ళ నాన్న. గుమ్మానికి మామిడాకులు కట్టాం. కొండ మీద నుంచి అమ్మవారి కుంకుమ తెచ్చి గల్లాపెట్టెకి బొట్టు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. పదైంది. పదకొండైంది. పన్నెండైంది. ఒక్కడు లోపలికి తొంగిచూడలేదు. మీ తాతయ్య ఏమీ అనలేదు. వాచీ చూసుకున్నారు."

"ఏమీ అనలేదుగా మరి."

"అంటే బాగుండేది. మీ అమ్మ కొబ్బరి ముక్కలు తరుగుతూనే ఉంది. తరగడానికి చిప్పలో ఏమీ మిగల్లేదు, అయినా తరుగుతోంది. అప్పుడు భాయ్ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చి, 'వీరికి జాకీ కావాలంట, రావు గారి దగ్గర మంచి జాకీలున్నాయి' అన్నాడు. తన షాపులో గోడవారంట జాకీలు వరసగా పేర్చి ఉండగా."

"ఆయన కొన్నాడా?"

"కొన్నాడు. మీ తాతయ్య వాచీ చొక్కా చేతిలోపలికి తోసేసుకుని, 'పర్లేదు, నిలబడతావు' అన్నారు. ఆ మాట మీదే మర్నాడు హోల్‌సేలు వాళ్ళ దగ్గర నాకు హామీ ఉన్నారు. ఆ మాట లేకపోతే ఈ షాపు లేదు. నీ కాలేజీ లేదు. నీ పుస్తకంలో మొదటి పేజీ కూడా లేదు."

"సెంటిమెంట్ ఆపు నాన్నా. ఇది విను. ఆపర్చునిటీ కాస్ట్. రెండిట్లో ఒకటి ఎంచుకున్నప్పుడు చేజారిపోయిన రెండోదాని విలువ. ఆయన్ని ఇఫ్రా దగ్గరకి పంపితే మనకి పోయేది ఈ బేరంలో లాభం. మూడు వేలు."

"మూడు వేలేనా?"

"మూడు వేలే ఏంటి! పైగా ఇఫ్రా మనకి పోటీ. పోటీ షాపుకి మన కస్టమర్ని మనమే నడిపించుకెళ్ళి అప్పజెప్పాలా? ఇది మా మేడమ్‌కి చెప్పాననుకో, సోమవారం ప్రశ్నగా ఇచ్చేస్తుంది."

"ఏం జవాబు రాస్తావు?"

"ఇర్రేషనల్ అని."

"అంటే?"

"తెలివితక్కువ అని. మర్యాదగా."

"అయితే ఆ రోజు భాయ్ చేసింది కూడా తెలివితక్కువ పనేనా?"

"ఆయనకి ఏదో లాభం ఉండే ఉంటుంది. పుస్తకం ప్రకారం ఉండి తీరాలి. ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్కసారైనా అడిగావా?"

"మేలు చేసినవాణ్ణి ఎందుకు చేశావని నిలదీస్తారా అమ్మా? అమ్మవారిని అడిగాను."

"ఏమంది?"

"అక్కడ నిలబడనివ్వరుగా, జరగండి జరగండి అంటారు. నా ప్రశ్న పూర్తయ్యేలోపే గుమ్మం బయట ఉంటాను."

"మరింకేం."

"ఇప్పుడు ఇఫ్రా షాపులో ఎవరున్నారో చూశావా? వాళ్ళ మేనత్త భర్త. ఆయన పక్కన ఇంకో నలుగురు. ఆడపిల్ల లారీ పనిముట్లు అమ్ముతుందా అని ఇంట్లో నవ్వినవాళ్ళంతా వరసగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఒంటిగంటకి నమాజుకి లేస్తారు. ఆలోపు వాళ్ళ కళ్ళ ముందు ఒక్క బేరం జరగాలి. రెండింటికి పది బేరాలు వచ్చినా ఆ పిల్లకి లాభం లేదు."

"అంటే... ఒకే వస్తువు విలువ మనిషిని బట్టీ, సమయాన్ని బట్టీ మారుతుంది. యుటిలిటీ."

"చూశావా. పుస్తకంలో ఉంది."

"నీకు సాయం చేద్దామని చెప్పలేదు నేను! అదిగో, ఆయన వచ్చేస్తున్నారు. నాన్నా, ప్లీజ్. అంత మంచి కస్టమరు. రేటు దగ్గర నోరెత్తలేదు. బిల్లు కావాలన్నారు, ఇవాల్టి తేదీ స్పష్టంగా వెయ్యమన్నారు, అట్టపెట్టె చింపొద్దన్నారు. అంతే."

"ఏమ్మా, సరుకు దించారా?"

"రండి పెద్దాయనా, రండి. ఒక్క మాటండీ. వెనక రోడ్డులో ఇవాళే కొత్త షాపు తెరిచారు. ఇఫ్రా టూల్స్. ఆకుపచ్చ బోర్డు, పూలదండలు కట్టి ఉంటాయి. మీరడిగిన పుల్లీ, స్పానర్లు అక్కడ కొత్త సరుకు దిగింది."

"మీ దగ్గర ఉన్నాయన్నారుగా, ఈ పాప చూపించింది కూడాను."

"ఉన్నాయండీ. కాకపోతే వాళ్ళది ఓపెనింగు కదా, వందో రెండు వందలో తగ్గిస్తారు."

"తగ్గిస్తారా! మనుషులు ఎట్లాంటివాళ్ళు బాబూ? గట్టిగా మాట్లాడేవాళ్ళతో నాకు పడదు."

"మహా మర్యాదస్తులండీ. గొంతు పెంచరు. నేను పంపానని చెప్పండి. ఒంటిగంటలోపు వెళ్ళండి, తర్వాత నమాజుకి మూస్తారు."

"వస్తా బాబూ. మంచి మాట చెప్పావు. ఈ రోజుల్లో ఎవరు చెబుతారు."

"పోయింది. పద్దెనిమిది వేలు చూస్తుండగా రోడ్డు దాటి పోయింది. తగ్గిస్తారని నీకెవరు చెప్పారు నాన్నా? శుక్రవారం పూట, బొట్టు పెట్టుకుని, అబద్ధమా?"

"కొత్త షాపువాళ్ళు తగ్గించకుండా ఉంటారా? అబద్ధం కాదమ్మా, అంచనా. మీ పుస్తకంలో అంచనాలు ఉండవా?"

"పుస్తకం నిండా అవే."

"మరి చదువుకో."

"చదువుతున్నా."

"ఆయన వెళ్ళి అరగంటైంది, ఇంకా ఆ ఒక్క పేజీయే పట్టుకుని కూర్చున్నావు."

"అక్షరాల మధ్య మూడు వేలు కనబడుతున్నాయి నాన్నా. అదుగో, హుమాయూన్ అంకుల్. ఏంటలా ఉరుక్కుంటూ వస్తున్నారు?"

"రావు గారూ! రావు గారూ! అయిపోయింది!"

"కూర్చోండి భాయ్, ముందు కూర్చోండి. నీళ్ళివ్వమ్మా. ఏమైంది?"

"బోణీ! ఇఫ్రాకి బోణీ అయింది. పద్దెనిమిది వేలు, నగదు. ఆ కుర్చీల ముందు నిలబడలేక నేను పొద్దున్నించీ మసీదు దగ్గరే తచ్చాడుతున్నా. ఇప్పుడే ఇఫ్రా ఫోన్ చేసింది. మా బావ కుర్చీలోంచి లేచి నోట్లు తనే లెక్కపెట్టాడంట. 'పిల్ల గట్టిదే' అన్నాడంట. రావు గారూ, ముప్ఫై ఏళ్ళలో మా బావ నోట్లోంచి మంచి మాట రావడం ఇదే మొదలు."

"చాలా సంతోషం భాయ్."

"ఇఫ్రా చెప్పింది, మీరే పంపారంట."

"ఏదో. మీ బోణీ బాకీ ఇన్నాళ్ళకి తీర్చుకున్నా."

"అదే! అదే వద్దు! మీరట్లా అనకూడదు. అది చెప్పలేకే ఇన్నేళ్ళూ... రుచితా, నువ్వు కాసేపు బయట..."

"నేనెక్కడికీ వెళ్ళను అంకుల్. ఇది సిలబస్‌లో ఉంది."

"ఉండనివ్వండి భాయ్. చెప్పండి."

"ఆ రోజు మీకు పంపింది మంచి బేరం కాదు రావు గారూ. ఆయన పేరు పుల్లయ్య, మైలవరం. కొత్తగా వచ్చిన మీకు తప్ప ఈ రోడ్డు మొత్తానికి తెలుసు. పొద్దున కొంటాడు, పని చేసుకుంటాడు, సాయంత్రం తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టి తెస్తాడు. సరిపోలేదు, డబ్బు వెనక్కివ్వు అంటాడు. ఇవ్వకపోతే రోడ్డు మీద నిలబడి ఊరంతా వినబడేట్టు అరుస్తాడు. అప్పటికే నా దగ్గర మూడుసార్లు అయింది. వదిలించుకుందామని... మీ మీదకి తోలాను."

"చూశావా నాన్నా! ఆయన లాభం ఆయనకి ఉంది! మొదటి పేజీ!"

"నువ్వుండమ్మా."

"ఆ సాయంత్రం జాకీ తెచ్చాడా రావు గారూ?"

"తెచ్చాడు. గ్రీజు కూడా సరిగ్గా తుడవలేదు. అప్పటికి మా మామగారు బస్సెక్కి వెళ్ళిపోయారు. మాట్లాడకుండా డబ్బు ఇచ్చేశాను. ఇంట్లో కూడా చెప్పలేదు."

"యా అల్లా. మరి నన్ను ఒక్క మాటైనా అనలేదే!"

"ఏమని అనను? తెలిసి పంపారా, తెలియక పంపారా, అదే నాకు తేలలేదు. తెలియక పంపి ఉంటే, చెబితే బాధపడతారు. తెలిసే పంపి ఉంటే, అడిగితే సిగ్గుపడతారు. ఎటు చూసినా అడగడానికి దారి లేదు. ఊరుకున్నా."

"ఆ సిగ్గుతోనే ఇన్నేళ్ళూ మీ రేటు కన్నా ఒక్క రూపాయి తక్కువకి నేను అమ్మలేదు."

"మీ మేలు తలుచుకుని నేనూ అమ్మలేదు."

"అంటే మీరిద్దరూ ఇరవై రెండేళ్ళుగా రేటు తగ్గకుండా కాపాడారు. దీన్ని మా పుస్తకంలో కార్టెల్ అంటారు. జరిమానా వేస్తారు."

"మర్యాదకి జరిమానా ఏంటమ్మా!"

"కొన్నవాళ్ళని అడుగు నాన్నా, చెబుతారు."

"పిల్ల మాటకేం గానీ రావు గారూ, నేను మీకు చెడ్డ బేరం పంపితే, మీరు నా కూతురికి ఇంత మంచి బేరం పంపారు. ఇప్పుడు బాకీ నా మీద పడింది. ఇది ఎప్పటికి తీరుస్తాను?"

"పడలేదు భాయ్. మా మామగారు వాచీ లోపలికి తోసుకున్నారే, నా బోణీ అది. జాకీ వెనక్కొచ్చింది గానీ, ఆయన మాట వెనక్కి రాలేదు. మీ బావగారు ఇవాళ అన్నదీ అంతే. సరికి సరి."

"సరికి సరి ఎట్లా అవుతుంది నాన్నా? అది వెనక్కొచ్చిన జాకీ. ఇది పద్దెనిమిది వేల నగదు."

"అవునమ్మా, బాగా అడిగావు. రావు గారూ, ఆ పెద్దాయన ఏ ఊరో, పేరేమిటో చెప్పండి. ఇఫ్రా మొదటి బిల్లు ఫ్రేము కట్టించి గోడకి పెడతాను."

"ఫ్రేముకి తొందరేం లేదు భాయ్, సాయంత్రం దాకా ఆగండి. ఆరింటికి మాత్రం ఇఫ్రాని ఒంటరిగా ఉంచకుండా మీరు వెళ్ళి పక్కన కూర్చోండి. పుల్లయ్య గారికి వయసైపోయింది, ఇప్పుడంత గట్టిగా అరవలేరు."