పొయ్యికాడ పడుకున్న ఆడమనిషి

పొద్దున ఏడుంబావుకి సుంకన్న తలగుడ్డ బిగించుకోని గుంతలోకి దిగినాడంట. ఊరికి పడమర బూడిద దిబ్బ ఉండాది చూడు, ఆడ సర్కారోళ్లు తవ్వకాలు పెట్టిరి, కూలికి పోయినాడు. వాళ్ల అత్త ఈరమ్మ కూడా ఆన్నే తట్టలు మోస్తా ఉంది. ఆమె కూతురు, అదే సుంకన్న పెండ్లాం, చచ్చిపోయి రెండేండ్లాయె. ఆ పొద్దునుంచి అల్లునితో మాటంటే మాట లేదు. ఆయన తట్ట నింపేది, ఆమె ఎత్తుకోని పోయేది, అంతే అనుకో.

ఏమైందంటే, పొయ్యిరాళ్లు బయటపడిన చోట, అలికిన నేల కింద, ఒక ఆడమనిషి ఎముకలు తేలినాయంట. చేతికి శంఖు గాజులు, తలకాడ ఒక కుండ. పని చూసే హైమవతి మేడమ్ కుంచెతో మన్ను దులిపి, ఇది అయిదువేల ఏండ్ల నాటి ఇల్లు, వీళ్లు తమ మనుషుల్ని ఇంట్లోనే పూడ్చుకున్నారు అనిందంట. కూలోళ్లు "ఓయమ్మ, శవం మీద కూచోని సంగటి యెట్ల తినిరో!" అని ఒకటే నవ్వు. మీ ఊర్లో ఎట్ల చేస్తారు సుంకన్నా అని మేడమ్ అడిగె. ఈయన పార దిక్కు చూసుకుంటా, "మాదేముంది మేడమ్, పూడ్చిపెట్టి, నీళ్లు పోసుకోని ఇంటికొస్తాం" అనేసినాడు.

అప్పుడు తెరిచింది ఈరమ్మ నోరు, రెండేండ్లకి. "అంతేనా నాయనా? గోరీకాడినుంచి గడపదాకా ఆవాలు చల్లుకుంటా వచ్చింది చెప్పవేం? నా బిడ్డ ఇల్లు చేరకుండా!" ఆవాలెందుకంటే, దయ్యం ఒక్కో గింజా ఏరుకుంటా ఉంటే తెల్లారిపోతాది, ఇంటికి రాలేకపోతాదని. మీ ఇండ్లల్లో కూడా చేసుంటారులే, నన్నెందుకట్ల చూస్తారు?

సుంకన్న మొగం మాడిపోయింది. "ఊరంతా చెప్పిరి అత్తా."

"చెప్పిరిలే. ఆ ఆవాలు మాత్రం నా డబ్బాలోవే, ఎందుకో చెప్పకుండా పట్టుకపోతివి."

ఈయన ఊరుకోలేక, "నీ బిడ్డ నిండు కడుపుతో పోయె అత్తా. అట్లా మనిషంటే ఎవరికి బయముండదు? ఈమెకేమి, యే ముసలామెనో. కడుపుతో పోయింటే వీళ్లు మాత్రం పొయ్యికాడ పెట్టుకుందురా?" అన్నాడంట. ఈరమ్మ తట్ట నెత్తిన పెట్టుకోని పోయింది.

తప్పు చేసినోనికి ఒక్క సాకు చాలునప్పా, దాన్నానుకోని బతికేస్తాడు. సుంకన్న నాలుగు దినాలు బతికినాడు, ఎవరి మొగమూ చూడకుండా. అయిదో దినం ఆ ఎముకల నడుముకాడ మన్ను తీస్తావుంటే, పుల్లలంత సన్న ఎముకలు కనపడినాయంట. "కోడిపిల్లవా మేడమ్?" అని అడిగినాడు. ఆమె చాలాసేపు చూసి, కాదు సుంకన్నా, కడుపులో బిడ్డవి, నెలలు నిండినాయి అనిందంట.