పలకరాతి మీద పల్చని చర్మం

1989వ సంవత్సరం జులై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల నేలమాళిగలోని శిలాజ ప్రయోగశాలలో తాత్కాలిక సహాయకురాలిగా విధుల్లో చేరి, ఈ నెలాఖరున అదే ప్రయోగశాలకు అధిపతిగా పదవీ విరమణ చేయనున్న మన సహోద్యోగిని, ముప్పయ్యారేళ్ళ పాటు రాతి నుంచి ఎముకను వేరుచేసే ఒకే ఒక్క పనికి తమ చూపునూ చేతులనూ అంకితం చేశారు. మైక్రోస్కోప్ మీదికి వంగి, సన్నని ఉక్కు సూదితో రాతిని రేణువు రేణువుగా రాల్చే ఆ నైపుణ్యమే ఆమెకు ‘సూదమ్మగారు’ అన్న పేరు తెచ్చింది. అసలు పేరు జీతాల పట్టికలో తప్ప మరెక్కడా కనబడదు.

ఎంపిక జరిగిన రోజున ఆరుగురు అభ్యర్థులకూ తలా ఒక చేప శిలాజం ఇచ్చి, అరగంటలో శుభ్రం చేయమన్నారట. ఐదుగురు పూర్తిచేశారు. ఈమె చిటికెన గోరంత మేరే చేయగలిగారు. నాటి ప్రధాన శాస్త్రవేత్త, అందరూ ‘పెద్దాయన’ అని గౌరవించే మహనీయులు, ఆ గోరంత చోటును భూతద్దంతో చూసి, “ఈ అమ్మాయి చాలు, మిగతావాళ్ళని పంపించేయండి” అన్నారట.

ఇక్కడ ఒక విషయం విన్నవించుకోవాలి. ఈ సంచికకు అభినందన వ్యాసం రాస్తామన్నప్పుడు సూదమ్మగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. “మూడో గదిలోని జంతువు సంగతి ఉన్నదున్నట్టు రాయండి. అది రాయకుండా శాలువా కప్పుతామంటే నేను సభకు రాను.” ఆమె మాటను జవదాటే సాహసం మనలో ఎవరికీ లేదు కనుక, ఆమె చెప్పినదాన్ని చెప్పినట్టే కుటుంబసభ్యుల ముందు, సహచరుల ముందు ఉంచుతున్నాం.

ఉద్యోగంలో చేరిన మూడవ ఏట, ఒక ప్రాచీన సరస్సు అడుగు నుంచి వెలికితీసిన పలకరాయి ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. దానిలో పదహారు కోట్ల సంవత్సరాల క్రితం అగ్నిపర్వతపు బూడిద కింద సమాధి అయిన ఎలుకంత జీవి ఉంది. అది క్షీరదాలకు దూరపు చుట్టం, వారసులెవరినీ మిగల్చకుండా అంతరించిన వంశానికి చెందినది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు చాచి, తల పైకెత్తి, దేనిమీదో వాలబోతున్నట్టు ఉంది. ఎముకల చుట్టూ నల్లటి మరక కమ్ముకుని ఉంది.

“ఆ మరక తీసేయమ్మాయ్. ఫొటోలో ఎముకలు స్పష్టంగా పడాలి” అన్నారు పెద్దాయన.

ఆమె పది రోజులు తీశారు. పదకొండవ రోజు మధ్యాహ్నం, ఎడమ ముంజేతికీ ఎడమ మోకాలికీ నడుమ అరచేతిలో సగమంత మరక మాత్రమే మిగిలి ఉండగా, మైక్రోస్కోప్ మరింత దగ్గరకు దించి చూశారు. మరకలో సన్నని గీతలున్నాయి. అన్నీ ఒకే వైపుకు, అప్పుడే దువ్వినట్టు ఉన్నాయి. అవి వెంట్రుకలు. తాను పది రోజులుగా గీకి పారేసింది మురికిని కాదని, చేతికీ కాలికీ మధ్య సాగిన చర్మాన్నని, దాన్ని తెరచాపలా విప్పుకుని ఆ జీవి చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ దిగేదని ఆ క్షణంలోనే ఆమెకు అర్థమైంది.

అప్పటికి ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తర్వులు రాలేదు. ఆ చిన్న ముక్కను చూపిస్తే, మిగిలినదంతా ఏమైందని అడుగుతారు. ఆమె కాసేపు సూది పక్కన పెట్టారు. తర్వాత మళ్ళీ తీసుకుని ఆ ముక్కను కూడా గీకేశారు. ఆనవాలైనా మిగలకూడదని, రాతిలోకి మరికాస్త లోతుగా గీకారు.

నేల మీద పరుగులు తీసే జంతువుగా పెద్దాయన తన పేరుతో దానికి ఫలకం రాసి, మూడో గదిలో గాజుపెట్టెలో పెట్టారు. ఉత్తర్వులు వచ్చాయి. పదోన్నతులు వచ్చాయి. ఆమె చేతిలో పదిహేడు మంది శిక్షణ పొందారు. వారందరికీ ఆమె మొదటి రోజున చెప్పేది ఒక్కటే: “మరక కనబడితే సూది కింద పెట్టి నన్ను పిలవండి.” ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె శ్రీవారు, బస్సులు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న సరసులు, ఈ మధ్య నవ్వుతూ అన్నారు. “మా ఆవిణ్ణి అలమర దులపమంటే ఆదివారమంతా పడుతుందండీ. దులిపేముందు ఆ దుమ్ము ఎవరిదో తేల్చుకోవాలంటుంది.” వారి అమ్మాయికి మాత్రం మరొకటి గుర్తుంది. చిన్నప్పుడు తల్లి అన్ని గదులూ తిప్పి చూపించి, మూడో గది గుమ్మం దగ్గర ఆగిపోయేవారట.

“అందులో ఏముందమ్మా?”

“ఒక ఎలుక.”

“నీకు ఎలుకలంటే భయమా?”

“ఆ ఒక్కదానికే.”

మూడేళ్ళ క్రితం, గదులు ఊడ్చే పనికి కొత్తగా చేరిన ఆవిడ నేలమాళిగకు దిగివచ్చి, చీపురు గోడకు చేరేసి అడిగారు.

“అమ్మగారూ, ఆ మూడో గదిలో ఎలుకుంది చూడండీ, అది రోజూ సాయంత్రం దుప్పటి కప్పుకుంటోంది. మీకు తెలుసా?”

సూదమ్మగారు సూది కింద పెట్టారు. “ఎన్నింటికి?”

“నాలుగు దాటాక. రండి, మీరే చూద్దురుగాని.”

ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె ఆ గడప దాటారు. ఇద్దరూ గాజుపెట్టె ముందు నిలబడ్డారు. నాలుగూ ఇరవైకి పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా రాతిని తాకింది. ముందు మణికట్టు దగ్గర ఒక నీడ పుట్టింది. అది మెల్లగా చీలమండ దాకా పాకి, రెండు వైపులా నిండుగా పరుచుకుంది. గదిలో గాలి లేదు. అయినా ఆ నీడ అంచు ఊపిరి పీల్చినట్టు ఒకసారి ఎగసి దిగింది. ఎండ తప్పుకోగానే ఎముకలు మాత్రమే మిగిలాయి.

“నా కళ్ళకే అనుకున్నానమ్మా. మీకూ కనబడిందా?”

“కనబడింది. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడే గుమ్మంలోంచి చూశాను. అందుకే మళ్ళీ ఈ గడప దాటలేదు.”

“మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?”

ఆ ప్రశ్న విన్న సూదమ్మగారు మర్నాడు ఉదయమే సంచాలకుల గదికి వెళ్ళి, తలుపు వేసి, అంతా చెప్పారు.

రాతిని కిందికి తెచ్చి, కిటికీలు మూసి, అతినీలలోహిత దీపం వెలిగించారు. కంటికి కనబడకుండా రాతిలో ఇంకిపోయిన చర్మం కుడి వైపున పచ్చగా వెలిగింది. తోక దాకా ప్రతి వెంట్రుకా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది. ఎడమ వైపున ముంజేతికీ మోకాలికీ నడుమ మాత్రం చీకటి. తెలియక తీసినచోట చర్మం మిగిలింది. తెలిసి తీసినచోట రాయి తప్ప ఏమీ లేదు.

“మీరు ఎండలో చూసింది కుడి వైపేనా?” అని అడిగారు సంచాలకులు.

“రెండు వైపులా చూశాను సార్.”

ఊడ్చే ఆవిణ్ణి విడిగా పిలిచి అడిగారు. ఆవిడా రెండు వైపులా అనే చెప్పారు. ఆ ఎడమ వైపు నీడ దేనిదో, ఎన్ని యంత్రాల కింద పెట్టి చూసినా, నేటికీ మనలో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఆ వారమే ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళారు. మంచం దిగలేని స్థితిలో ఉన్న ఆయన, కూతురు పట్టుకున్న దిండుకు ఆనుకుని, మధ్యలో ఒక్క మాటైనా అడ్డురాకుండా విన్నారు. చివరికి దుప్పటి కింద కుడిచేత్తో తన ఎడమ డొక్కను తడుముకుంటూ అన్నారు.

“తీసేయమన్నది నేను కదమ్మాయ్.”

“నాకు తెలిశాక కూడా తీశాను సార్.”

ఆయన అన్నారు. “గాల్లో తిరిగేదాన్ని పట్టుకుని మనిద్దరం ముప్పై ఏళ్ళు నేల మీద పరిగెత్తించాం. ఫలకం మార్పించు. నా పేరు మాత్రం తీయించకు. తప్పు రాసినవాడు ఎవరో కూడా జనానికి తెలియాలి.”

కొత్త ఫలకంలో ‘ఎడమ వైపు చర్మం కాలక్రమంలో నశించినది’ అని రాద్దామన్నారు సంచాలకులు, సంస్థ పరువు దృష్ట్యా. ఆమె ఒప్పుకోలేదు. “కాలం పదహారు కోట్ల ఏళ్ళు దాన్ని జాగ్రత్తగానే దాచింది సార్. పాడుచేసింది నేను. అలాగే రాయండి.” అలాగే రాశారు. ఆమె సేవాపుస్తకంలో మందలింపు కూడా నమోదైంది. దాని కింద సంతకం పెట్టి బయటికి వచ్చిన రోజునే, బల్ల ముందు కూర్చున్న ఆమె వీపు నిటారుగా ఉండటం మొదటిసారి చూశామని శిష్యులు చెబుతారు.

నైపుణ్యం గలవారిని సత్కరించే అవకాశం ఏ సంస్థకైనా వస్తుంది. తమ చేతి పొరపాటును తామే ఫలకం మీద చెక్కించుకున్నవారిని సత్కరించే భాగ్యం అరుదు. వీడ్కోలు కానుకగా ఏం కావాలని అడిగితే, ఏ సాయంత్రమైనా టికెట్టు లేకుండా మూడో గదిలోకి రానిస్తే చాలన్నారు. ఆ గది తలుపులు ఆమెకు ఎన్నడూ మూతపడవని ఈ సంచిక ముఖంగా మాట ఇస్తూ, శ్రీవారితో, అమ్మాయితో ఆమె చల్లగా ఉండాలని, ఇన్నేళ్ళు వంగిన మెడకు నొప్పి తెలియని నిండు ఆరోగ్యం, ఆ కళ్ళకు మసకబారని చూపు, నూరేళ్ళ ఆయుష్షు కలగాలని, ఆమె వచ్చిన ప్రతి సాయంత్రమూ నాలుగూ ఇరవైకి ఆ కిటికీలో ఎండ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.