ట్రాము డ్రైవరు గారి జర్మన్ మెడల్

భూతద్దం పెదనాన్న గొంతు సవరించుకున్నాడంటే టీ కొట్టాయన పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టేస్తాడు. ఒక గుక్క తాగి లేచిపోదామనుకున్నవాళ్ళు కూడా ఆ కథ అయ్యేదాకా బెంచీకి అతుక్కుపోతారని ఆయన అనుభవం. భూతద్దం అసలు పేరు బజారు ఎప్పుడో మర్చిపోయింది. పాత సామాన్ల బజారులో యుద్ధాల మెడల్స్ కొట్టు ఆయనది. అందులోనూ జర్మన్ మెడల్స్ నిగ్గు తేల్చాలంటే ఊరు మొత్తానికీ ఆయనొక్కడే. చూపు మందగించాక కొట్టు మూసేశాడు గానీ, నల్లతాడుకి కట్టిన భూతద్దం మాత్రం మెళ్ళో వేలాడుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన్ని వెతుక్కుంటూ అక్కాతమ్ముళ్ళు ఇద్దరు వచ్చారు. అక్క ఆసుపత్రిలో నర్సు. తమ్ముడు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. అతన్ని గుర్తుపట్టిన టీ కొట్టాయన కప్పులు రోజూకంటే నిండుగా పోశాడు. ఇద్దరూ భూతద్దం చిన్ననాటి స్నేహితుడి పిల్లలే. ఆ స్నేహితుడు ట్రాము డ్రైవరు. కిందటేడు పోయాడు.

అక్క చేతిరుమాలు విప్పి, సిలువ ఆకారంలో ఉన్న మెడల్ ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"నాన్నది, పెదనాన్నా. ఎవరో జర్మన్ దొర ఇచ్చాడని చెప్పేవాడు. అసలుదో కాదో మీరే చెప్పాలి. మీరేమంటే మా ఇద్దరికీ అదే మాట."

అలా ఒప్పందం చేసుకునే బయల్దేరారు. నాన్న పోయినప్పుడు పరామర్శకి వచ్చిన చుట్టాలందరి ముందూ తమ్ముడు, "ఆయన చెప్పినవన్నీ కోతలే" అనేశాడు. వాడి కోపానికీ కారణం ఉంది. ఈ మెడల్ గురించి ఆఫీసులో గొప్పగా చెప్పి, తీసుకెళ్ళి చూపించి, నవ్వులపాలయ్యాడు. అది జర్మన్ సిల్వరన్నారు, అందులో వెండి పిసరు కూడా లేదన్నారు. ఆ అవమానం వాడికి ఇంకా మండుతూనే ఉంది. అక్కకేమో 'కోతలే' అన్న ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా బాగున్నావా, తిన్నావా తప్ప మాటల్లేవు. నాన్న చెప్పినవాటిలో ఒక్కటంటే ఒక్కటి నిజమైతే చాలు, తమ్ముడితో మళ్ళీ మనసారా మాట్లాడగలనని ఆమె ఆశ.

భూతద్దం మెడల్‌ని కంటికి ఆనించుకున్నాడు. అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. అక్క బెంచీ అంచుకి జరిగింది. ఆయన గుప్పిట మూసేశాడు.

"దీని సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలమ్మా" అన్నాడు.

"అయిపోయాం" అన్నాడు పక్కనే మారుతాళాలు చేసుకునే తాళాలాయన, ఆకురాయి కింద పెట్టి బెంచీ మీద సర్దుకుంటూ.

"నాకప్పటికి మీసాలు కూడా సరిగ్గా మొలవలేదు. ఎదురుగా ఉన్న ఈ వేలం హాల్లోనే ఒకాయన ఐరన్ క్రాస్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. జర్మన్ సైనికులకిచ్చేవాళ్ళు చూడండి, మధ్యలో నల్లగా, చుట్టూ వెండి అంచుతో, అదన్నమాట. అందరూ ఆహా, ఓహో. నేను మెడల్ మొహం చూస్తే ఒట్టు! రిబ్బను చూశాను. ఎందుకంటే, నకిలీ చేసేవాడు మెడల్ మీద పెట్టే శ్రద్ధ రిబ్బను మీద పెట్టడు, చేతికి దొరికింది తగిలించేస్తాడు. దొంగనోట్లు పట్టే నీలం దీపముంటుందే, అది దానిమీద వేశాను. పాత దారమైతే చప్పగా ఊరుకునేది. ఇది ధగధగా వెలిగిపోయింది. ఆ యుద్ధమెప్పుడు, ఈ దారమెప్పుడు? ఆ పెద్దమనిషి మెడల్ జేబులో వేసుకుని టోపీ కూడా మర్చిపోయి పరుగో పరుగు."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు తాళాలాయన.

"నమ్మకపోతే మానెయ్. అసలు ఐరన్ క్రాస్ అంటే మూడు ముక్కలు. మధ్యలో ఇనుము, ముందూ వెనకా వెండి చట్రాలు. ఆ చట్రాలు కలిసేచోట అంచు మీద సన్నగా అతుకుంటుంది. నకిలీగాడు మొత్తం ఒకే ముద్దగా పోత పోస్తాడు, ఇంక అతుకెక్కణ్ణుంచి వస్తుంది? మొదట్లో ఆ అతుకు భూతద్దంలో చూసేవాణ్ణి. తర్వాత్తర్వాత కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేసేవాణ్ణి. ఆ తర్వాత అదీ అక్కర్లేకపోయింది, వాసన చాలు. వాసన కూడా విసుగొచ్చి చెవి దగ్గర పెట్టుకోవడం మొదలెట్టాను. ఓసారి ఒక మెడల్ చెవి దగ్గర పెట్టుకుంటే దగ్గు వినిపించింది! ఈ సైనికుడికి జలుబండీ అన్నాను. వాళ్ళవాళ్ళకి కబురు చేసి కనుక్కుంటే నిజమే, పాపం యుద్ధమంతా ముక్కు చీదుకుంటూనే చేశాట్ట."

"ఏ భాషలో దగ్గాడు?" అన్నాడు తాళాలాయన.

"జర్మన్‌లోనే! మన దగ్గు మొదట్లో ఖళ్ళుమంటుంది, వాళ్ళది చిట్టచివర్న ఖళ్ళుమంటుంది. తెలియకపోతే తెలుసుకో."

టీ కొట్టాయన నవ్వాపుకోలేక పాలు ఒలకబోసుకున్నాడు. తమ్ముడు మాత్రం కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. వాడి దవడ బిగుసుకుపోవడం అక్క గమనించింది. ఇంకాసేపుంటే లేచి వెళ్ళిపోతాడని భయం వేసింది.

"ఇలా నా పేరు పాకి పాకి జర్మనీ చేరింది. అక్కణ్ణుంచి ఒక ముసలి సైన్యాధికారి పెట్టెలకి పెట్టెలు మెడల్స్ వేసుకుని దిగాడు. బాబూ, వీటిలో అసలెన్నో నకిలీ ఎన్నో తేల్చలేక మా దేశంలో అందరూ చేతులెత్తేశారు అన్నాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుంటూ కూర్చుంటే నా చెవులేం కావాలి? ఓడరేవులో క్రేనుకి తగిలించే కరెంటు అయస్కాంతం ఉంటుంది కదా, దాన్ని హాల్లోకి తెప్పించాను. స్విచ్చు వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు" అన్నాడు తాళాలాయన బుద్ధిగా.

"ఊళ్ళో ఉన్న అసలు మెడల్ ప్రతిదీ, ఒక్కటి మిగిలితే ఒట్టు, జుయ్యిమని ఎగిరొచ్చి అతుక్కుంది! పెట్టెల్లోవి, గోడలకి తగిలించినవి, చొక్కాల మీద పెట్టుకున్నవి, అన్నీ! నకిలీవన్నీ తలొంచుకుని బల్లల మీదే కూర్చున్నాయి. అంతటితో ఆగిందా? ఆడవాళ్ళ జడపిన్నులు వచ్చేశాయి. ఇదిగో, ఈ తాళాలాయన వాళ్ళ నాన్న కొట్లో తాళాలన్నీ గుత్తులు గుత్తులుగా వచ్చేశాయి."

"అదా సంగతి! మా నాన్నకి ఎప్పుడూ తాళాలు కనపడేవి కావు."

"ఇంతలో గంట వినిపించింది. టింగ్ టింగ్ టింగ్. ట్రాము."

ఆయన ఆ మాట అని కాస్త ఆగాడు. ట్రాములు పోయి చాలా కాలమైంది, పట్టాలు తారుకింద కప్పబడిపోయాయి. మలుపు తిరిగేటప్పుడు చక్రాలు కీచుమనే ఆ చప్పుడు అక్కకి ఒక్కసారిగా చెవుల్లో మోగింది. బడి వదిలాక తమ్ముణ్ణి రెక్క పట్టుకుని నాన్న ట్రాము కోసం ఎదురుచూసిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. నాన్న వాళ్ళని చూస్తే గంట రెండుసార్లు ఎక్కువ కొట్టేవాడు. ఆ రోజులు మళ్ళీ రావని ఎంతో దిగులేసింది.

ఈ అయస్కాంతం, ట్రాము, జర్మన్ దొర నాన్న నోటంట తను విన్నవేనని కూడా అప్పుడే తట్టింది. పూర్తిగా విన్లేదు. అప్పటికి తనకి డ్యూటీలు, తమ్ముడికి పరీక్షలు. "తెలుసులే నాన్నా" అంటూ మధ్యలోనే లేచిపోయేవాళ్ళు.

"ట్రాము పట్టాలు వదిలేసి హాలుకేసి అడ్డంగా ఈడ్చుకొచ్చేస్తోంది. జనం హాహాకారాలు. అప్పుడు మీ నాన్న ఏం చేశాడు? బ్రేకు వేశాడు, ఆగలేదు. ఒక కాలు కిందపెట్టి చెప్పుతో తన్నిపట్టాడు. చెప్పు మడమలోంచి పొగలు! అటు అయస్కాంతం, ఇటు మీ నాన్న. లాగుతుంటే లాగుతుంటే, ట్రాము హాలు దగ్గరికి పోవడం మానేసి హాలే ట్రాము దగ్గరికి రావడం మొదలెట్టింది. అబద్ధమైతే చూసుకోండి, దాని మెట్లు ఇప్పటికీ రోడ్డు మీదకి వచ్చేసి ఉంటాయి!"

అందరూ తలలు తిప్పి చూశారు. నిజమే, మెట్లు రోడ్డు మీదే ఉన్నాయి.

"ట్రాములో ఒక ముసలావిడ ఒళ్ళో గుడ్ల బుట్ట ఉంది. ఒక్క గుడ్డు చిట్లలేదు. ఆ జర్మన్ దొర పరుగెత్తుకుంటూ బయటికొచ్చి, మీ నాన్నకి సెల్యూట్ కొట్టి, తన గుండె మీదున్న మెడల్ పీకి మీ నాన్న చొక్కాకి పెట్టాడు. అదే ఇది!"

ఆయన గుప్పిట తెరిచాడు. తాళాలాయన చప్పట్లు కొట్టాడు. తమ్ముడి మొహం చూడ్డానికి అక్కకి ధైర్యం చాల్లేదు.

"చిల్లు!"

టీ కొట్టాయన ఉలిక్కిపడి గిన్నె అడుగు చూసుకున్నాడు. అరిచింది తమ్ముడు. అరిచాక వాడే తెల్లబోయాడు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! చిన్నప్పుడు అన్నాల దగ్గర నాన్న రోజుకో కోత కోసేవాడు. కోసిన ప్రతి కోతలోనూ ఎక్కడో ఒకచోట కావాలనే ఒక లొసుగు వదిలేవాడు. దాన్ని ముందు పట్టినవాళ్ళు "చిల్లు!" అని అరవాలి. అరిచినవాళ్ళకి మర్నాడు ట్రాములో నాన్న పక్కన నిలబడి గంట కొట్టే హక్కు. ఎక్కువగా తమ్ముడే గెలిచేవాడు.

"ఎక్కడ్రా చిల్లు?" అన్నాడు భూతద్దం, అచ్చం నాన్న అడిగినట్టే.

"ఊళ్ళో అసలు మెడల్ ఒక్కటి మిగల్లేదన్నారు, చొక్కాల మీదవి కూడా ఎగిరొచ్చాయన్నారు. మరి ఆ దొర గుండె మీది మెడల్ ఎందుకు ఎగరలేదు? ఎగరలేదంటే అది నకిలీదే కదా!"

భూతద్దం పెదనాన్న దానికి ఇంకో కోత అతికించలేదు. బజారులో అది ఎవరూ చూసి ఎరగని వింత. మెడల్‌ని అక్క చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు మూశాడు.

"ఆ చిల్లు నేను పెట్టింది కాదమ్మా, మీ నాన్న పెట్టిందే. కథ మొత్తం వాడిదే. ఇది మా కొట్టు చెత్తడబ్బాలోది. ఏరుకుని, ఇదేంటన్నాడు. జర్మన్ సిల్వర్రా అన్నాను. 'జర్మనా!' అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలింది వాడికి, మర్నాటికల్లా కథ తయారు. మీరు పట్టేస్తారని రోజూ ఎదురుచూశాడు. ఈ బెంచీ మీదే కూర్చుని అనేవాడు, 'అన్నా, పిల్లలు దీనికి చిల్లు పట్టలేదు, నమ్మేశారో ఏంటో' అని. మరీ సులువుగా పెట్టాను కదా అని కూడా అనేవాడు."

తమ్ముడు తల దించుకున్నాడు. నాన్న పోయినరోజు కూడా ఏడవనివాడు, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు. అక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు తోసెయ్యలేదు.

టీలు చల్లారిపోయాయి. చాలాసేపటికి తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, అది నకిలీది కాదే. మీరు స్విచ్చు వేసే టైముకే కరెంటు పోయింది. అందుకే మెడల్ ఎగరలేదు."

తప్పుడు తూకమంటే మండిపడే మనిషి, ఎవరి మొహంలోకీ చూడకుండా, చెవులు ఎర్రబడేలా అన్నాడు ఆ మాట. పుట్టి బుద్ధెరిగాక వాడు కోసిన మొదటి కోత అది.

"చిల్లు!" అని అరిచింది అక్క, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే నవ్వుతూ. "కరెంటు పోతే ట్రాముని లాగిందెవర్రా, మీ ఆఫీసా?"