తెర పలకాలన్న ఒడ్నీ గారి పట్టుదల

1988 ఆగస్టు 22వ తేదీన ఓలెసుండ్ రేవులోని మన సంస్థలో ప్రోగ్రామరుగా చేరిన శ్రీమతి ఒడ్నీ హాల్ట్‌బాక్ గారు, సముద్ర రక్షణ కేంద్రాల సాఫ్ట్‌వేరుకే తమ ఉద్యోగ జీవితాన్నంతటినీ అంకితం చేసి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలినాళ్లలో పటాలు గీసే విభాగంలో పనిచేసిన ఆమె, అనతికాలంలోనే, ఆపదలో చిక్కిన పడవ గాలికీ ప్రవాహానికీ ఏ దిక్కుగా కొట్టుకుపోతుందో అంచనా కట్టే ప్రోగ్రామును రూపొందించి విశేష ప్రశంసలు పొందారు. 2003 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆమె రక్షణ కేంద్రానికి వెళ్లి ఉండగా, మునుగుతున్న చేపల పడవ నుంచి కబురు వచ్చింది. విధుల్లో ఉన్న స్టైనార్ గారు ఆమె ప్రోగ్రాములో లెక్క మొదలుపెట్టారు. అంతలోనే పడవవారు ముందు చెప్పిన చోటు తప్పని చెప్పి, సరైన చోటు తెలిపారు. దాన్ని ఎక్కించబోతే కంప్యూటరు తెర కదలలేదు. ప్రోగ్రామును మూసి, మళ్లీ మొదటినుంచి ఆరంభించేసరికి విలువైన సమయం గడిచిపోయింది. అందరి ప్రాణాలూ దక్కాయి గానీ, ఒక నావికుడు చలికి చేతివేళ్లు పోగొట్టుకున్నారు.

"లెక్క ఎంతసేపైనా పట్టనీ ఒడ్నీ, నేను నొక్కితే మాత్రం పలకాలి," అన్నారు స్టైనార్ గారు. "అది బతికుందో చచ్చిందో తెలీక చేతులు ముడుచుకు కూర్చున్నా చూడు, అది నావల్ల కాదు."

ఆ మాట ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. వేగవంతమైన కంప్యూటర్లు తెప్పిస్తే చాలునన్న విభాగాధిపతి అస్లాక్ గారి సలహాను సవినయంగా తోసిపుచ్చి, లెక్కను తెర వెనుక విడిగా సాగనిస్తూ, తెరను మాత్రం ఎదుట కూర్చున్న మనిషికే కేటాయించే విధంగా ప్రోగ్రామును తిరగరాశారు. ఇక విడుదలే తరువాయి అనుకుంటుండగా ఆమే ఒక లోపం పట్టుకున్నారు. రద్దుచేసిన పాత లెక్క ఎప్పుడో ఒకసారి ఆలస్యంగా ముగిసి, తన ఫలితాన్ని కొత్త పటం మీద గీసేస్తోంది.

"ఎప్పుడో వచ్చేదానికి విడుదల ఆపేస్తావా?" అని అస్లాక్ గారు విసుక్కున్నారు.

"తెర ఆగిపోతే స్టైనార్‌కి తెలుస్తుంది. తప్పు చోటు చూపిస్తే తెలియనే తెలీదు," అన్నారామె.

ఆ లోపాన్ని సరిదిద్దడానికి విడుదల శరదృతువుకు వాయిదా పడింది.

ఇంతటి దీక్షాపరురాలి గురించి భర్త హాల్వర్ గారి ఫిర్యాదును ఇక్కడ దాచడం న్యాయం కాదు. మొన్న విందులో ఆయన, "మిషన్ని మాత్రం ఒక్క క్షణం మూగగా ఉండనివ్వదు. అన్నానికి రమ్మని నేను పిలిస్తే 'ఊ' అనడానిక్కూడా తీరికుండదు," అంటే, ఒడ్నీ గారే అందరికంటే ఎక్కువగా నవ్వారు.

కొత్త ప్రోగ్రాము విడుదలయ్యాక వచ్చిన చలికాలంలో మరో పడవ ఆపదలో పడింది. లెక్క సాగుతుండగానే చోటు మారింది. స్టైనార్ గారు పాతది ఆపి కొత్తది ఎక్కించారు. హెలికాప్టరు నేరుగా పడవ దగ్గరికే చేరి, అందరినీ క్షేమంగా ఒడ్డుకు తెచ్చింది. సాయంత్రం ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి, "పలికింది, ఒడ్నీ," అని మాత్రం చెప్పారు.

తదనంతరం విభాగానికి సారథ్యం వహించి ఎందరినో తీర్చిదిద్దిన ఒడ్నీ గారికి, తొందరపెట్టేవారెవరూ లేని ఉదయాలూ, హాల్వర్ గారితో తీరిగ్గా సాగే భోజనాలూ, చెక్కుచెదరని ఆరోగ్యమూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ సమృద్ధిగా లభించాలని సహోద్యోగులందరి మనఃపూర్వక ఆకాంక్ష.