మొదలవకముందే అయిపోయిన కథ

మనవరాలు ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుంది. మధ్యాహ్నంలోగా ఒక్క టికెట్టయినా అమ్ముడుపోకపోతే ఇవాళ్టి తాతయ్య కథల సభకిచ్చిన హాలు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. వెబ్‌సైట్లో చూస్తే కొనే బటనే లేదు.

“సైటుకి తగిలించిన ప్లగిన్లన్నీ ఆపి మళ్ళీ పెట్టాను తాతయ్యా. అందులో సభ క్యాలెండర్ని నువ్వేమైనా కెలికావా?”

“ముగింపు టైము ఖాళీగా ఉంటే ఉదయం ఆరని నింపానే, అంతే.”

“మొదలు సాయంత్రం ఆరు కదా!”

“తెల్లారేదాకా చెప్తాను మరి.”

“తేదీ రేపటికి మార్చలేదు నువ్వు. సభ ఇవాళ పొద్దున్నే అయిపోయిందనుకుని సైటు టికెట్లు మూసేసింది. రాత్రి తొమ్మిదని పెడుతున్నా.”

“తొమ్మిదికి నా కథలో ఏనుగు ఇంకా చెట్టే దిగదే!”

“తోసెయ్. అదిగో, బటనొచ్చింది! ఒకటి అమ్ముడుపోయింది కూడా!”

“ఎవరా మహానుభావుడు?”

“అమ్మమ్మ. వంటింట్లోంచి కొంది.”

“ఇంట్లో రోజూ ఊరికే వింటుందిగా?”

“నీ కథకి ముగింపుందని ఇవాళే తెలిసిందని మెసేజ్ పెట్టింది. అదెలా ఉంటుందో చూడాలట.”